ట్యాంకు బిగింపు: ఓ చిన్న చరిత్ర

మోటార్ సైకిల్ సామాన్లన్నిటిలో పెట్రోల్ ట్యాంకుది ఒక విచిత్రమైన పరిస్థితి. చక్రానికి ఒకటే ఉద్యోగం, చైనుకి ఒకటే ఉద్యోగం. ట్యాంకుకి మాత్రం రెండు. లోపల్నుంచి చూస్తే అది పెట్రోలు పట్టే డబ్బా. బయట్నుంచి చూస్తే అది బండి మొహం. కంపెనీ పేరు ఉండేది దాని మీదే. దేవుడి బొమ్మ అంటించుకునేదీ దాని మీదే. కట్నంలో బండి అడిగే రోజుల్లో పెళ్ళికొడుకులు "ఎరుపు కావాలి, నలుపు కావాలి" అని పేచీ పెట్టింది కూడా ట్యాంకు రంగు గురించే. ఇంజను రంగు గురించి అలిగిన అల్లుణ్ణి నేనైతే చూడలేదు.

ఈ రెండు ఉద్యోగాలకీ ఇద్దరు వేరువేరు మేస్త్రీలు. డబ్బా మెకానిక్‌ది, మొహం పెయింటర్‌ది. సొట్ట పడ్డ ట్యాంకు బండి మీంచి దిగి, టింకరింగు షాపుకెళ్ళి, అక్కణ్ణుంచి పెయింటర్ దగ్గరికెళ్ళి, వారం తర్వాత తళతళలాడుతూ తిరిగొస్తుంది. అప్పుడు దాన్ని బండి మీదకి ఎక్కించడం అరగంట పని. ఈ అరగంట పని గురించి పుస్తకాల్లో ఒక పేరా ఉంటే గొప్ప: "విప్పిన దానికి వ్యతిరేక క్రమంలో బిగించండి." అంతే! కానీ ఆ ఒక్క వాక్యం వెనక నూరేళ్ళ పైచిలుకు అనుభవం ఉంది. ఇవాళ చెప్పబోయేది దాని గురించే.

ఇది నాకు తట్టింది ఏషియన్ టౌన్‌లో. దోహాలో ఉండే తెలుగువాళ్ళకి ఆ చోటు గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం: దోహా నగరం అంచున ఇండస్ట్రియల్ ఏరియా అని ఒకటుంది. అక్కడి వీధులకి పేర్లుండవు, నంబర్లే. గరాజులూ, వర్క్‌షాపులూ, గోదాములూ. ఆ పక్కనే కార్మికుల కోసం కట్టిన లేబర్ సిటీ 2015లో మొదలైంది, దాదాపు 70 వేలమందికి సరిపడేలా. దానికి ఆనుకుని ఏషియన్ టౌన్: పెద్ద సూపర్ మార్కెట్టు, సినిమా హాళ్ళు, సుమారు 13 వేలమంది పట్టే క్రికెట్ స్టేడియం. 2022లో ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ జరిగినప్పుడు, టికెట్ కొనే స్తోమత లేని వేలమంది ఆ క్రికెట్ స్టేడియంలో పెట్టిన పెద్ద తెర మీద ఆటలు చూశారు. శుక్రవారం సాయంత్రం అక్కడికెళ్తే జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ యాసలన్నీ ఒక్క టీ కొట్టు దగ్గరే వినొచ్చు.

అక్కడ ఆగి ఉండే బైకుల్లో చాలావాటికి వెనకాల డెలివరీ డబ్బాలుంటాయి. 2020 మార్చిలో కోవిడ్ వల్ల ఇండస్ట్రియల్ ఏరియాలో కొంత భాగాన్ని మూసేసినప్పుడు, నగరంలో ఇంట్లో కూర్చున్నవాళ్ళకి అన్నం చేరవేసింది ఇలాంటి బైకులే. వాటిని చూస్తుంటే ఒక సంగతి కనిపించింది. కొన్ని బళ్ళకి మడ్‌గార్డులు వెలిసిపోయుంటాయి, సీటు చిరిగుంటుంది, ట్యాంకు మాత్రం కొత్త పెళ్ళికూతురిలా ఉంటుంది. అంటే ఆ బండి ఎక్కడో పడింది. ట్యాంకు సొట్టబోయింది. బాగుచేయించి, రంగు వేయించి, మళ్ళీ ఎక్కించారు. ఆ మెరుపు వెనక ఒక మనిషి కింద పడి లేచిన కథ ఉందన్నమాట.

సరే, ముందు చరిత్రలోకి వెళ్దాం.

1885లో జర్మనీలో డైమ్లర్, మేబాక్ కలిసి తయారుచేసిన తొలి మోటారు బండి చట్రం చెక్కది. దాని మీద మనం ఇవాళ అనుకునే ట్యాంకు లేదు. తర్వాత సైకిలు చట్రానికే ఇంజను తగిలించడం మొదలయ్యాక, పెట్రోలు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. సైకిలు చట్రంలో పై భాగాన ఖాళీగా కనిపించిన చోట ఒక పొడుగాటి పల్చటి డబ్బా ఇరికించారు. దాన్నే ఫ్లాట్ ట్యాంక్ అంటారు. రెండు అడ్డ గొట్టాల మధ్య వేలాడే రేకు పెట్టె అది. అందులోనే ఒక అర పెట్రోలుకి, ఇంకో అర నూనెకి. 1920ల్లో ఈ పెట్టె పోయి, చట్రం గొట్టానికి అటూ ఇటూ జీను వేసినట్టు కూర్చునే శాడిల్ ట్యాంక్ వచ్చింది. ఆ దశాబ్దం చివరికల్లా ఇంచుమించు అందరూ దానికే మారిపోయారు. మనకి తెలిసిన బొద్దు ట్యాంకు రూపం అప్పటిదే.

ఈ మార్పుతో ఒక కొత్త చిక్కొచ్చింది. గొట్టాల మధ్య వేలాడే పెట్టెకి పట్టీలు చాలు. గొట్టం మీద కూర్చునే ట్యాంకుని మాత్రం బోల్టులతో చట్రానికి బిగించాలి. ఒంటి సిలిండరు ఇంజను అదురు అంతా ఇంతా కాదు. రేకుని ఇనుముకి నేరుగా బిగిస్తే ఆ అదురంతా రేకే భరించాలి. కొన్ని వేల మైళ్ళు తిరిగేసరికి సరిగ్గా బోల్టు చెవి దగ్గరో, అతుకు దగ్గరో పగులుతుంది. అందుకే మధ్యలో రబ్బరు వచ్చింది. రబ్బరు బుష్షు, రబ్బరు వాషరు, రబ్బరు దిండు. ట్యాంకుని చట్రానికి కట్టెయ్యకూడదు, చట్రం మీద తేల్చాలి అన్నది అలా పగిలిన ట్యాంకులు నేర్పిన పాఠం.

ఇప్పుడు రేకు సంగతి. పాత ట్యాంకులు తగరపు పూత ఉన్న రేకుతో చేసి, అతుకులకి మాటు వేసేవాళ్ళు. మాటు అంటే మన పల్లెటూళ్ళలో పుట్టినవాళ్ళకి తెలుసు. బిందెకి చిల్లు పడితే మాటు, ఇత్తడి గిన్నెకి కళాయి. సీసం, తగరం కలిపిన మాటు 183 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. వెల్డింగుకి కావలసిన వేడితో పోలిస్తే అది చాలా తక్కువ. పైగా మంట ట్యాంకు దగ్గరికి రానక్కర్లేదు. రాగి కడ్డీని దూరంగా కొలిమిలో కాల్చి తెచ్చి ఆనించొచ్చు. ఎందుకీ జాగ్రత్త? ఎందుకంటే పెట్రోలు కన్నా దాని ఆవిరి ప్రమాదకరం. గాలిలో ఆ ఆవిరి సుమారు ఒకటిన్నర శాతం నుంచి ఏడున్నర శాతం మధ్య ఉంటే చాలు, నిప్పురవ్వకి పేలుతుంది. నిండు ట్యాంకులో గాలికి చోటే ఉండదు. "ఖాళీ" ట్యాంకులో ఆవిరీ గాలీ కలిసి సరిగ్గా ఆ పాళ్ళకి రాగలవు. ఆ ఆవిరి గాలికన్నా బరువు, మూత తీసినంత మాత్రాన పైకి పోదు, అడుగున కూర్చుంటుంది. పెట్రోలు పూర్తిగా పారబోశాం కదా అని వెల్డింగు టార్చి పట్టుకున్నవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు ప్రపంచమంతటా ఉన్నాయి.

దీనికి వర్క్‌షాపులు తమ ఉపాయాలు తాము కనిపెట్టుకున్నాయి. వేడినీళ్ళూ సోడా పోసి పదేపదే కడగడం. చిల్లున్న చోటు పైకొచ్చేలా ట్యాంకుని తిప్పి, అక్కడిదాకా నీళ్ళు నింపి, ఆవిరికి చోటు లేకుండా చేసి అతకడం. ఇంకో బండి సైలెన్సరు పొగని గొట్టంతో ట్యాంకులోకి పంపి గాలిని తరిమెయ్యడం. ఇది వినడానికి మోటుగా ఉంటుంది గానీ దాని వెనక సైన్సుంది. ఆ పొగలో ఆక్సిజన్ తక్కువ. అలాగని నమ్ముకోదగ్గ ఉపాయం కాదు, ఎంత మిగిలిందో కొలిచే సాధనం వాళ్ళ దగ్గర ఉండదు కాబట్టి. ఇక దారి మధ్యలో కారితే మన దేశీ వైద్యం ఉండనే ఉంది: బట్టల సబ్బు రుద్దడం. సబ్బు పెట్రోలులో కరగదు, అందుకే ఇంటికి చేరేదాకా ఆగుతుంది. ఆ తర్వాతది ఎం-సీల్. ఎన్ని బళ్ళు ఎం-సీల్ మీద ఏళ్ళ తరబడి నడిచాయో లెక్కెవరికి తెలుసు!

ఇప్పుడు రంగు. 1920ల ముందు బళ్ళకి వేసే ఎనామిల్, వార్నిషు పూతలు పొర తర్వాత పొర ఆరడానికి వారాలు పట్టేది. 1920ల్లో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే త్వరగా ఆరే లక్క తెచ్చింది. జనరల్ మోటార్స్ దాన్ని 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకి వాడింది. వారాల పని గంటల్లోకి వచ్చింది. మన దగ్గర పెయింటర్లు నిన్నమొన్నటిదాకా ఏ పెయింటు కొట్టినా "డూకో పెయింటింగు" అని బోర్డు పెట్టుకున్నది అందుకే. అయితే ఆ లక్కకి ఒక బలహీనత, మీద పెట్రోలు ఒలికితే మెత్తబడి మరక పడుతుంది. పెట్రోలు పోసే డబ్బాకి పెట్రోలంటే పడని రంగు! ఆ బాధ తీరింది హార్డెనర్ కలిపి కొట్టే రెండు డబ్బాల రంగులు వచ్చాకే. కానీ ఆ హార్డెనర్లో ఉండే ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకి మంచివి కావు, పెయింటర్లకి ఉబ్బసం తెప్పిస్తాయి. సరైన మాస్కు లేకుండా మొహానికి రుమాలు చుట్టుకుని స్ప్రే గన్ను పట్టుకున్న కుర్రాణ్ణి చూస్తే నాకు ఆ మెరుపు మీద మోజు కాస్త తగ్గుతుంది.

మన వైపు ఈ కథ మద్రాసు మీదుగా వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం 1953లో మద్రాసు నుంచి విడిపోయిన రెండేళ్ళకి, 1955లో, మద్రాస్ మోటార్స్ వాళ్ళూ ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళూ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. మొదట్లో సామాన్లు తెచ్చి బిగించేవాళ్ళు. 1962 నాటికి బుల్లెట్ సామాను మొత్తం ఇక్కడే తయారైంది. మద్రాసు దక్కకపోయినా బుల్లెట్ మాత్రం దక్కింది మనవాళ్ళకి. పోలీసుల దగ్గర్నుంచి పొగాకు రైతుల దాకా అదే. ఆ ట్యాంకు మీద బంగారు రంగు గీతలు తిరువొత్తియూరు కార్ఖానాలో పనివాళ్ళు కుంచెతో, చేత్తో గీసేవాళ్ళు. మైసూరు జావాలూ యెజ్దీలూ, పాలక్యాన్లు మోసే రాజ్‌దూత్‌లూ పక్కన చేరాయి. విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో, హైదరాబాద్ పుత్లీబౌలిలో సామాన్ల కొట్లూ, మెకానిక్కులూ, పెయింటర్లూ పక్కపక్కనే పెరిగారు. మాటు వేసే పనితనం బిందెల నుంచి ట్యాంకులకి మళ్ళింది.

ఆ కాలంలో ట్యాంకు బిగించేవాళ్ళకి తెలిసిన ఒక చిట్కా చెప్తాను. పాత బ్రిటిష్ తరహా పెట్రోల్ కాక్‌లో కారకుండా ఆపేది కార్క్ బెరడు. పెట్రోలులో నానినంత కాలం అది ఉబ్బి బిగుసుకుని ఉంటుంది. ట్యాంకు రెండు మూడు వారాలు పెయింటర్ దగ్గర ఎండితే కార్క్ కూడా ఎండి ముడుచుకుంటుంది. కొత్త రంగు ట్యాంకు ఎక్కించి పెట్రోలు పోశారో, కాక్ దగ్గర టపటపా కారి కొత్త రంగు మీదే మరకలు. అందుకని తెలిసినవాళ్ళు ముందు రాత్రే కార్క్‌ని నీళ్ళలో నానబెట్టేవాళ్ళు. మాన్యువల్ చదివినవాడికి కాదు, ఒకసారి తిట్లు తిన్నవాడి దగ్గర పని నేర్చుకున్నవాడికి తెలిసే సంగతి ఇది.

1980ల మధ్యలో జపాను వాళ్ళ సాయంతో నూరు సీసీ బళ్ళు వచ్చాయి. 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడు యమహా ఆర్ఎక్స్ 100. అన్నట్టు, హోండాకీ ట్యాంకుకీ ఒక ముచ్చటైన పాత సంబంధం ఉంది. యుద్ధం ముగిశాక 1946లో సొయిచిరో హోండా మిగిలిపోయిన సైనిక వైర్‌లెస్ జనరేటర్ ఇంజన్లని సైకిళ్ళకి తగిలించాడు. మొదటి నమూనాకి ట్యాంకు కోసం వెతికి, చలికాలంలో పక్కలో పెట్టుకునే వేడినీళ్ళ సీసా బిగించాడట. అక్కణ్ణుంచి మొదలైనవాళ్ళు నలభై ఏళ్ళలో ట్యాంకు బిగింపుని చాలా సులువు చేసేశారు. ముందు వైపు చట్రానికి రెండు రబ్బరు దిళ్ళు, వాటి మీదకి ట్యాంకు జారుతుంది. వెనక వైపు ఒకే బోల్టు. ఆ బోల్టు చుట్టూ రబ్బరు, రబ్బరు లోపల ఒక చిన్న ఇనప గొట్టం ముక్క, దాన్నే మెకానిక్కులు కాలర్ అంటారు.

ఆ కాలర్ గురించి నాకు చెప్పింది ఏషియన్ టౌన్ టీ కొట్టు దగ్గర పరిచయమైన ఒక తమ్ముడు. జగిత్యాల వైపు అతను. కరీంనగర్లో ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుని, ఇక్కడ ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గరాజులో బైకులు చేస్తున్నాడు. రంగేసిన ట్యాంకుల గురించి అడిగితే నవ్వాడు.

"రంగు మంచిగొచ్చిందా అని అందరడుగుతరన్నా. కాలర్ ఏసినవా అని ఒక్కడడగడు."

ఏం, కాలర్ లేకపోతే ఏమవుతుంది అన్నాను.

"గట్టిగ బిగిస్తె మంచిగుంటదనుకుంటరు. గట్టిగ బిగిస్తెనే పగులుతది."

విడమరిచి చెప్పిన తర్వాత అర్థమైంది. కాలర్ ఉంటే బోల్టు ఎంత తిప్పినా ఆ ఇనప ముక్కకి ఆని ఆగిపోతుంది, రబ్బరు తన మందంలో తానుంటుంది. ట్యాంకు దిగినప్పుడు ఆ ముక్క ఎక్కడో దొర్లిపోయిందనుకోండి, బోల్టు రబ్బరుని నలిపేస్తుంది. నలిగిన రబ్బరు రబ్బరు కాదు, రాయి. మళ్ళీ రేకు ఇనుముకి కట్టేసినట్టే. మనం 1920ల్లోకి వెళ్ళిపోయినట్టే.

అతను వేళ్ళ మీద లెక్కపెట్టిన మిగతావి నా మాటల్లో రాస్తాను. ట్యాంకు రాగానే మెరుపు చూడకుండా లోపల చూడాలి: లప్పం రుద్దిన పొడి, తుప్పు, ఇసుక ఉన్నాయా అని. పెట్రోలు పోసి కుదిపి పారబోయాలి, ఆ కడిగిన పెట్రోలు తెల్లగుడ్డలోంచి వడకట్టి చూడాలి. కాక్ కూర్చునే చోట రంగు పేరుకుని ఉంటే గీకాలి, లేకపోతే ప్యాకింగు సమంగా కూర్చోదు. మూత దగ్గర వాననీళ్ళు పోయే సన్నటి బెజ్జం ఉంటుంది, పెయింటర్లు దాన్ని లప్పంతో పూడ్చేస్తుంటారు, తెరవాలి. మూతకి గాలి పోయే దారి తెరిచి ఉందా చూడాలి. అది మూసుకుంటే కొంత దూరం వెళ్ళాక లోపల గాలి చాలక పెట్రోలు దిగదు, బండి నడిరోడ్డు మీద ఆగుతుంది. ట్యాంకు కింద వైర్లూ క్లచ్ కేబులూ నలక్కుండా సర్దాలి. హ్యాండిల్ కుడికీ ఎడమకీ చివరిదాకా తిప్పి, కొత్త రంగుకి తగలడం లేదని చూసుకోవాలి. చివరగా ఒక లీటరు మాత్రమే పోసి ఆపాలి.

"కింద పేపర్ ఏసి రాత్రంత ఇడిచిపెట్టాలె. పొద్దుగాల్ల పేపర్ ఎండుగుంటెనే బండి ఇయ్యాలె."

మా భాషలో దీన్ని ఇంటిగ్రేషన్ టెస్టింగ్ అంటాం. పెయింటర్ పని విడిగా బాగుంటుంది, మెకానిక్ పని విడిగా బాగుంటుంది, తప్పులన్నీ ఆ రెండూ కలిసే చోట బయటపడతాయి. మాకైతే తప్పు జరిగితే రాత్రికి రాత్రి పాత వెర్షన్ పెట్టేసుకుంటాం. ఇక్కడ తప్పంటే, వేడెక్కిన ఇంజను మీద, ఒక మనిషి మోకాళ్ళ మధ్య కారే పెట్రోలు.

దోహా ఎండ ఈ లెక్కని ఇంకా కఠినం చేస్తుంది. ఎండాకాలంలో నీడలోనే 45 డిగ్రీలు దాటే ఊరు ఇది. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట పని చేయించకూడదని 2021 నుంచి ఇక్కడ నిబంధన. పెట్రోలు డిగ్రీకి ఇంచుమించు వెయ్యోవంతు ఉబ్బుతుంది. పది లీటర్ల ట్యాంకు అంచుదాకా నింపి ఎండలో పెట్టారనుకోండి, ఇరవై డిగ్రీలు పెరిగేసరికి సుమారు 190 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ గ్లాసు పైన, ఎక్కువవుతుంది. అది ఎక్కడికో పోవాలి కదా! మూత రబ్బరు పాతదైతే నేరుగా కొత్త రంగు మీదకి, అక్కణ్ణుంచి ఇంజను మీదకి.

ఈ పనికి ఇప్పుడు కొత్త పాఠాలు కూడా చేరుతున్నాయి. మన దేశంలో 2020 ఏప్రిల్లో బీఎస్-6 నిబంధన వచ్చాక కొత్త మోటార్ సైకిళ్ళన్నీ దాదాపుగా ఇంజెక్షన్‌కి మారాయి. పెట్రోలు పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. ఇదివరకు కాస్త తుప్పు మిగిలితే కార్బొరేటర్ విప్పి ఊదితే సరిపోయేది, ఇప్పుడు ఆ కాస్త తుప్పే పంపుని తినేస్తుంది. దానికి తోడు 2023లో మొదలై 2025 నాటికి దేశమంతా పాకిన 20 శాతం ఇథనాల్ పెట్రోలు. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, పాత రకం రబ్బర్లకి పడదు. పుత్లీబౌలిలో ఆర్ఎక్స్ 100 ట్యాంకుకి ఎంత అందంగా రంగేసినా, పైపూ ప్యాకింగూ పాతవే బిగిస్తే కొన్నాళ్ళకి పాత కథే.

ఇంకో పక్క, ట్యాంకే లేని బళ్ళు వచ్చేస్తున్నాయి. కొన్ని బ్యాటరీ మోటార్ సైకిళ్ళు అలవాటైన మొహం పోగొట్టుకోలేక ట్యాంకు ఆకారాన్ని ఉంచుకున్నాయి, అందులో పెట్రోలు మాత్రం ఉండదు. డబ్బా ఉద్యోగం పోయి మొహం ఉద్యోగం ఒక్కటే మిగిలిందన్నమాట. అప్పుడు ఈ కాలర్లూ, కార్క్ నానబెట్టడాలూ, రాత్రంతా పేపర్ వేయడాలూ ఎవరికీ అక్కర్లేకపోవచ్చు. అందుకు నాకు దిగులేం లేదు. కొలిమిలో రాగి కడ్డీ కాల్చే రోజులు పోయినందుకు ఎవరూ ఏడవలేదు కదా.

కానీ ఆ రోజు రావడానికి ఇంకా చాలా టైముంది. అప్పటిదాకా ఏషియన్ టౌన్ పార్కింగులో ఆగిన ప్రతి మెరిసే ట్యాంకు కిందా ఒక కాలర్ ఉందో లేదో అన్నది ఒక డెలివరీ కుర్రాడి కాళ్ళకి సంబంధించిన విషయం. ఆ ముక్క ఖరీదు ఒక టీ అంత కూడా ఉండదు. అది కనిపించదు కాబట్టి దానికి ఎవరూ మెచ్చుకోరు, డబ్బూ ఇవ్వరు. తెలిసినవాడు గుర్తుపెట్టుకుని వేస్తాడు, అంతే. కరీంనగర్ ఉస్తాద్ తిట్టిన తిట్లు ఇక్కడ దోహాలో ఎవరినో కాపాడుతున్నాయి.

కాబట్టి మీ బండి ట్యాంకు ఎప్పుడైనా రంగు వేయించుకుని తెచ్చుకుంటే, మెరుపు చూసి మురిసిపోయే ముందు మూత తీసి లోపలికి టార్చి వేసి చూడండి (టార్చి, అగ్గిపుల్ల కాదు. నవ్వకండి, వెలిగించినవాళ్ళున్నారు). తర్వాత మెకానిక్‌ని ఒకే ఒక్క మాట అడగండి: "కాలర్ వేశావా?" వేసినవాడైతే మీ వంక కాస్త గౌరవంగా చూస్తాడు. వెయ్యనివాడైతే వెళ్ళి వెతుకుతాడు. ఎలాగైనా లాభం మీదే.